నట్టు నోట్లో ఉన్నంతసేపు

పోయిన నెల నా కారు ఎడమ చెవి ఊడి చేతికొచ్చింది.

కారుకు చెవులేమిటని నవ్వకండి. స్టీరింగ్ చక్రం వెనక అటొకటి ఇటొకటి రెండు నల్లటి రేకులుంటాయి. కుడిదాన్ని వేలితో మీటితే గేరు పెరుగుతుంది, ఎడమదాన్ని మీటితే తగ్గుతుంది. కొన్ని కార్లకు కంపెనీలోనే పెట్టి పంపిస్తారు. నా కారుకు అవి లేవు. సికింద్రాబాద్‌లో ఒక మనిషి వాటిని ఎక్కడినుంచో తెచ్చి బిగించాడు. వాటికి చెవులని పేరు పెట్టింది కూడా ఆయనే.

"నాకు ఒక్క చెవే పని చేస్తది సార్. మీ బండికి రెండు పెడుతున్న. నసీబంటే మీ బండిదే" అనేవాడు.

ఊడిన రేకు జేబులో వేసుకుని రాంగోపాల్‌పేటలో ఆయన షాపుకి వెళ్ళాను. అటు వెళ్ళి చాలా ఏళ్ళయింది. నిజం చెప్పాలంటే వెళ్ళకుండా తప్పించుకున్నాను. షట్టరు దించి ఉంది. దాని మీద ఆయన ఫొటోతో ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. ఎదురుగా చాయ్ కొట్టతను నన్ను గుర్తుపట్టి రోడ్డు దాటి వచ్చాడు.

"ఉస్తాద్ పోయి తొమ్మిది దినాలాయె సార్. మీకు తెల్వదా? ఎల్లుండి దినాలు."

మూసిన షట్టరు ముందు మెట్టు మీద కూలబడ్డాను. ఏడుపు రాలేదు, భయమేసింది. ఆయనకు చెప్పాల్సిన మాట ఒకటి పన్నెండేళ్ళుగా నా దగ్గరే ఉండిపోయింది. రేపు చెబుదాం, మాపు చెబుదాం అనుకుంటూ ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను. ఇక రేపూ లేదు, మాపూ లేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఆ వీధిలో ఎవరూ గుర్తుపట్టరు, అందరికీ ఆయన ఉస్తాదే. కార్లకు కరెంటు పని చేసేవాడు. షాపంటే ఒక బల్ల, ఒక స్టూలు, గోడకు వేలాడే వైర్ల కట్టలు. పనంతా షట్టరు ముందు రోడ్డు మీదే. ఖాకీ చొక్కా వేసుకుని, మెడలో రెండు తీగలున్న చిన్న బల్బొకటి వేలాడేసుకునేవాడు. ఏ వైరులో కరెంటుందో ఆ బల్బు పెట్టి చూసేవాడు. ఎవరైనా మాట మొదలుపెడితే చాలు, ముఖం అటు తిప్పేసేవాడు. కొత్తవాళ్ళు ఈ మనిషికి ఇంత పొగరేమిటి అనుకునేవాళ్ళు. పొగరు కాదు, పనిచేసే కుడి చెవిని మన ముందుకు తెచ్చుకోవడం అది. నచ్చని మాటయితే ముఖం మళ్ళీ ఇటు తిప్పి ఎడమ చెవి మనకు ఇచ్చేవాడు. అంతే, ఇక గొంతు చించుకున్నా లాభం లేదు.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. స్టీరింగ్ మధ్యలో, ప్రమాదం జరిగితే పేలి మనిషిని కాపాడే ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది కదా, దాన్ని ఆయన బెలూన్ అనేవాడు. బెలూన్ విప్పాల్సిన పని వస్తే ముందు బ్యాటరీ దగ్గరికెళ్ళి, వైరును పట్టి ఉంచే చిన్న ఇత్తడి నట్టు విప్పేవాడు. వైరు పక్కకి జరిపి దాని మీద ఎర్రగుడ్డ కప్పేవాడు. నట్టును ప్యాంటుకు తుడిచి నోట్లో వేసుకునేవాడు. తమాషా కాదు, పాన్ పెట్టుకున్నట్టు బుగ్గలో పెట్టుకునేవాడు. తర్వాత ఎదుటి కొట్టు నుంచి ఒక చాయ్ తెప్పించి బల్ల మీద పెట్టేవాడు. తాగడానికి కాదు. ఆ గ్లాసు పూర్తిగా చల్లారి పైన మీగడ కట్టేదాకా స్టూలు మీద కదలకుండా కూర్చునేవాడు. బెలూన్ లోపల దాచుకున్న కరెంటంతా ఆ లోపు చచ్చిపోవాలట. పని మొత్తం అయ్యాక నట్టు తీసి బిగించి, ఆ చల్లటి చాయ్ ఒక్క గుటకలో తాగేసేవాడు.

"నట్టు నా నోట్ల ఉన్నంతసేపు బండి నాది సార్" అని మొదటిరోజే చెప్పాడు. "మీరు ముట్టద్దు, ఒరగద్దు, దాని పక్కన తుమ్మద్దు సుత."

"జేబులో పెట్టుకోవచ్చు కదా ఉస్తాద్?" అన్నాను. నోట్లోకి సీసం పోతుందనీ, రోగాలొస్తాయనీ నా చదువంతా చూపించాను.

"జేబులనే వెట్టిన, ఎనకట." ఎడమ చెవి మీద వేలు పెట్టాడు. "ఫారిన్ బండి. నట్టు జేబుల ఏస్కొని అన్నానికి పోయిన. వచ్చి జేబు తడిమితే నట్టు చేతికి తాకింది. అంటే వైరు తీసినట్టే గదా అని బెలూన్ మీద చెయ్యేసిన. గది నిన్నటి బండి నట్టు సార్. ఈ బండి వైరు నేను తియ్యనే లేదు. ఢామ్మన్నది. గంతే, అప్పటిసంది ఈ దిక్కు ఏం ఇనవడది." చెవి మీంచి వేలు తీసి, "జేబు మర్చిపోతది. నోరు మర్వదు" అన్నాడు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు, అదే నా దరిద్రం.

ఆయన దగ్గరికి నేనెందుకు వెళ్ళానో చెప్పాలి. మాది విజయనగరం వైపు. ఐటీ ఉద్యోగాలు ఊళ్ళకు ఊళ్ళను ఖాళీ చేసి హైదరాబాద్‌కి లాక్కొస్తున్న రోజుల్లో నేనూ వచ్చి బేగంపేటలో ఒక ఆఫీసులో పడ్డాను. జీతం మొదటిసారి నిండుగా కళ్ళబడేసరికి ఎర్రరంగు కారొకటి, రెండే తలుపులది, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. ఆటోమేటిక్, కానీ కావాలంటే గేరు కర్రను పక్కకి నెట్టి ముందుకీ వెనక్కీ తోస్తూ మనమే గేర్లు మార్చుకోవచ్చు. నాకు ఆ మార్చుకోవడంలోనే సుఖం ఉండేది. ఆరు నెలలు తిరక్కుండా ఒక వానరోజు మోటార్‌సైకిల్ మీద నుంచి పడ్డాను. ఎడమ మోచెయ్యి ముక్కలయింది. ప్లేట్లు వేశారు, అతికింది, కానీ వంగిన చెయ్యి వంగినట్టే బిగిసిపోయింది. వేళ్ళు బాగానే ఆడతాయి, స్టీరింగ్ పట్టుకుంటాయి. చెయ్యి మాత్రం కిందనున్న గేరు కర్ర దాకా దిగదు.

ఆటోమేటిక్కే కదా, గేరుతో పనేమిటి అని అందరూ అన్నారు. నేనూ అలాగే అనుకుని అమ్మను ఎక్కించుకుని అరకు వెళ్ళాను. వచ్చేటప్పుడు ఘాట్ దిగుతుంటే కారు నా మాట వినడం మానేసింది. బ్రేకు తొక్కీ తొక్కీ కాలిన వాసన వచ్చింది. తర్వాత పెడల్ మెత్తబడింది. గేరు తగ్గిస్తే ఇంజనే బండిని పట్టి ఆపుతుంది, అది నాకు తెలుసు. చెయ్యి దిగదే! "అమ్మా, ఆ కర్ర పక్కకి నెట్టి వెనక్కి లాగు" అని అరిచాను. అమ్మ కర్రను రెండు చేతులతో పట్టుకుని ఏడుస్తోంది, ఎటు లాగాలో తెలియలేదు. చివరికి కారును కొండ వైపు గోడకు రాపాడించి ఆపాను. ఆ పక్క రేకంతా చెక్కుకుపోయింది. ఇద్దరం బతికాం.

"అమ్మీరా నాన్నా" అంది అమ్మ, రోడ్డు పక్కన కూర్చుని. "ఏటిరా ఈ పిచ్చి నీకు? నీ చెయ్యి ఇలగైపోనాక నీకు బండెందుకు? అమ్మకపోతే నా మీద ఒట్టే."

ఒక నెల గడువడిగాను. కారు పోతే కారొక్కటే పోదు. చెయ్యి పోయిన మనిషినని ఒప్పేసుకున్నట్టే అవుతుంది. అప్పటికి నా వయసు ఇరవై ఏడు.

కంపెనీ సర్వీస్ సెంటర్లో స్టీరింగ్ వెనక గేరు రేకులు బిగించమంటే, ఈ మోడల్‌కి అవి రావు, స్టీరింగ్ విప్పితే మాకు బాధ్యత లేదు అన్నారు. అది వాళ్ళ రూలు. ఇంకో ఇద్దరు మెకానిక్కులు బెలూన్ పేరు వినగానే దణ్ణం పెట్టేశారు. అందరూ చూపించింది ఒక్క ఉస్తాద్‌నే.

ఉస్తాద్ కారును చూడలేదు, నా చేతిని చూశాడు. నన్ను సీట్లో కూర్చోబెట్టి, నా ఎడమచెయ్యి పట్టుకుని మెల్లగా కిందికి వంచాడు. నేను "అమ్మా" అనేదాకా వంచి ఆగాడు.

"గింతదాకనేనా?"

"అంతే ఉస్తాద్."

జేబులోంచి సుద్దముక్క తీసి, స్టీరింగ్ మీద నా వేళ్ళు ఆనిన చోట గీత గీశాడు. "కంపెనీ చెవులంటే చేతులు మంచిగున్నోళ్ళకు సార్. మీకు ఎడమది జెర కిందికి గావాలె. ఇనుప పట్టీ చేపిస్త. పదిహేను దినాలు పడతది, పరేషాన్ చెయ్యకున్రి."

పదిహేను రోజుల్లో ఎన్నిసార్లు పరేషాన్ చేశానో నాకే తెలియదు. ఆఫీసు అయ్యీ కాకుండానే అక్కడికి చేరేవాణ్ణి. ప్రమాదంలో నుజ్జయిన ఒక కారు నుంచి చెవులు తెచ్చాడు. వాటి తీగలు స్టీరింగ్ లోపలికి వెళ్ళాలంటే చుట్టలు చుట్టిన ఒక పల్చటి పట్టీలోంచి వెళ్ళాలి, దాన్ని ఆయన జిలేబీ అనేవాడు. "జిలేబీ తెగితే ఖేల్ ఖతం" అంటూ దాన్ని గుడ్డలో చుట్టి దాచేవాడు.

ఆ రోజుల్లోనే ఒకటి చూశాను. ఎవరో కాంట్రాక్టరు పెద్ద కారు. ఉస్తాద్ నోట్లో నట్టుంది, చాయ్ చల్లారుతోంది. డ్రైవరు ఊరికే ఉండలేక తలుపు తీసి, సీట్లో కూర్చుని, తాళం తిప్పి చూశాడు. కరెంటు లేదు కాబట్టి ఏమీ కాలేదు. ఉస్తాద్ లేచాడు. ఒక్క మాట అనలేదు, నోట్లో నట్టుందిగా. నట్టు తీసి బ్యాటరీకి బిగించి, తాళాలు డ్రైవరు చేతిలో పెట్టాడు.

"తీస్కపో. మల్ల నా గడప తొక్కకు."

మర్నాడు కాంట్రాక్టరే వచ్చి బతిమాలాడు. ఉస్తాద్ ఎడమ చెవి ఇచ్చి కూర్చున్నాడు. ఆ కారు మళ్ళీ అక్కడ కనబడలేదు.

నా కారుకు పని మొదలైంది ఒక శుక్రవారం మధ్యాహ్నం. అదే రోజు లండన్ వాళ్ళతో మూడింటికి కాల్. ఆ కాల్‌లో నేను లేకపోతే ప్రాజెక్టు నుంచి తీసేసి బెంచీ మీద కూర్చోబెడతానని మా మేనేజరు ముందే చెప్పాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళను ఆ నెలల్లో ఒక్కొక్కరినే పిలిచి పంపించేస్తున్నారు. ఫోన్‌లో ఛార్జింగ్ ఒక్క గీత మిగిలింది. పొద్దున్నే ఎడమ సీటు మీద పెట్టి, కారు ఛార్జరుకు తగిలించి ఉంచాను. అలవాటు. కారులో కరెంటు తీసేస్తారన్న సంగతే తట్టలేదు.

ఉస్తాద్ నట్టు నోట్లో వేసుకున్నాడు. ఎర్రగుడ్డ కప్పాడు. స్టీరింగ్ బిగుసుకుపోకుండా తాళం తిప్పి ఉంచాడు. చాయ్ వచ్చింది, చల్లారింది, మీగడ కట్టింది. డ్రైవరు వైపు తలుపు తీసి, గోనెపట్టా మీద మోకాళ్ళు వేసి, రెండు చేతులూ స్టీరింగ్ వెనక్కి పోనిచ్చాడు. నేను ముందు వైపు నిలబడ్డాను. బానెట్ లేచి ఉంది. దాని వెనక నేను ఆయనకు కనబడను, ఆయన నాకు కనబడడు.

మూడుకు పది నిమిషాలుంది.

ఏం గడ్డి తిన్నానో, ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆ పాటికి బెలూన్ విప్పేసి ఉంటాడులే అనుకున్నాను. రెండు నిమిషాలు ఛార్జింగ్ ఎక్కితే చాలు, కాల్‌లో నా గొంతు ఒకసారి వినిపిస్తే చాలు అనుకున్నాను. ఎర్రగుడ్డ తీసి, వైరు కొసను బ్యాటరీ మీద వేలితో నొక్కి పట్టాను.

కారులో రేడియో భళ్ళుమంది.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. చెయ్యి లాగేశాను. రేడియో ఆగిపోయింది. గుడ్డ జారి ఇంజను పక్కకి పడింది. మూడడుగులు వెనక్కి వేసి, పేలుతుందా, పేలుతుందా అని చెవులు మూసుకుని నిలబడ్డాను. ఏమీ పేలలేదు. కారులోంచి ఉస్తాద్ బయటికి రావడం లేదు. ఆ కాసేపు నాకు ఎంతసేపనిపించిందో చెప్పలేను.

చివరికి మెల్లగా లేచాడు. బెలూన్ రెండు చేతుల్లో ఉంది, ముఖానికి జానెడు దూరంలో. దాని పసుపురంగు ప్లగ్గు సగమే ఊడి ఉంది. దాన్ని పూర్తిగా ఊడదీసి బల్ల మీద పెట్టి, నడిచి ముందుకొచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. నట్టు అరచేతిలోకి ఉమ్మి, దాన్ని చూశాడు. బ్యాటరీని చూశాడు. వైరు కొస బ్యాటరీకి వేలెడు దూరంలో పడి ఉంది. నన్ను చూశాడు.

"సార్, మీరేమన్న ముట్టిన్రా?"

కాంట్రాక్టరు కారు కళ్ళముందు కదిలింది. తాళాలు నా చేతిలో పెడతాడు, అంతే, ఊళ్ళో ఇంకెవరూ ముట్టరు. కారు పోతుంది. నా చెయ్యి పోయినట్టే.

"లేదు ఉస్తాద్" అన్నాను.

ఆయన రెండోసారి అడగలేదు. నా మాట మీద అంత నమ్మకం. ఒక్కసారి గట్టిగా నిలదీసి ఉంటే చెప్పేసేవాణ్ణేమో. ఛీ, ఇప్పుడు కూడా తప్పు ఆయన మీదికే తోస్తున్నాను చూడండి.

స్టూలు మీద కూర్చుని రెండు అరచేతులూ ముందు పెట్టుకుని చూసుకున్నాడు. "నేనే వైరు దగ్గర వెట్టినట్టున్న. గుడ్డ సరిగ్గ కప్పలే గావొచ్చు" అన్నాడు, నాతో కాదు. "నట్టయితే నోట్లనే ఉండె..."

కారులో నా ఫోన్ మోగింది. రెండుసార్లు మోగి చచ్చింది. ఆ కాల్ కోసమే ఇదంతా.

పని మర్నాడు పూర్తిచేశాడు. ప్రతి తీగా రెండుసార్లు, మూడుసార్లు చూశాడు. సాయంత్రం ఇద్దరం యాప్రాల్ వైపు, బండరాళ్ళ మధ్య దిగే రోడ్డు మీదికి వెళ్ళాం. పల్లం మొదలవగానే "ఇగ కొట్టున్రి" అన్నాడు. సుద్దగీత గీసిన చోటే ఎడమ చెవి నా వేలికి తగిలింది. మీటాను. ఇంజను ఒక్కసారి గొంతు పెంచి కారును పట్టేసింది. మళ్ళీ మీటాను, ఇంకా పట్టింది. బ్రేకు మీద కాలే పెట్టలేదు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఆయన పక్కసీట్లో ముఖం అటు తిప్పి కూర్చుని ఇంజను చప్పుడు వింటున్నాడు. అప్పుడు చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా.

ఆయనే ముందు మాట్లాడాడు. "మీదే ఆఖరి బండి సార్. ఇగ బెలూన్ పని బంద్."

"అదేంటి ఉస్తాద్?"

"నోరు సుత మర్చిపోవుడు షురూ అయింది. ఇగ దేని మీద భరోసా వెట్టుకుంట చెప్పున్రి?"

నేను ఎడమ చెవి ఇంకోసారి మీటాను.

ఆ తర్వాత హారన్లు, హెడ్‌లైట్లు, అంతే పని. అప్పుడప్పుడు వెళ్ళేవాణ్ణి, చెబుదామనే వెళ్ళేవాణ్ణి. ఆయనకు కొత్త అలవాటొకటి వచ్చింది. మామూలు బల్బు మార్చాలన్నా వైరు తీశాక ఎవరినో ఒకరిని పిలిచేవాడు. "జెర చూడున్రి. తీసిన్నా, లేదా?" అని అడిగేవాడు. ముప్పై ఏళ్ళు ఎవరినీ బండి ముట్టనివ్వని మనిషి, దారిన పోయేవాణ్ణి పిలిచి అడిగేవాడు. ఒకసారి నన్నే అడిగాడు. నేను వంగి చూసి, "తీశారు ఉస్తాద్" అన్నాను. "పక్కానా?" అన్నాడు. "పక్కా" అన్నాను. ఆ రోజు తర్వాత వెళ్ళడం తగ్గించేశాను. అమ్మ మాత్రం ఘాట్ రోడ్డు దిగిన ప్రతిసారీ, "ఆ మేస్త్రీ ఎవుడో గానీ, ఆయన చేతులు చల్లగుండాల" అంటుంది. నేను ఎడమ చెవి మీద వేలేసి రోడ్డు చూస్తూ ఉంటాను.

దినాల నాడు వెళ్ళాను. షాపు వెనక సందులో రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కుర్చీ మీద ఫొటో, దండ. కింద విస్తట్లో ఆయనకు ఇష్టమైనవన్నీ, పక్కన గ్లాసులో చాయ్. చాయ్ పక్కన ఒక ఇత్తడి నట్టు. ఎవరు పెట్టారో గానీ దాన్ని చూసి గడప దగ్గరే ఆగిపోయాను.

ఆయన భార్య గోడకానుకుని కూర్చుని ఉంది. నేనెవరో చెప్పుకున్నాను.

"ఎర్ర బండి సారా?" అంది. "మీ బండి ముచ్చట మస్తు చెప్తుండె. గా పని తర్వాతనే ఆయన గిట్లయిండు."

"ఎట్లా అమ్మా?"

"చేతుల మీద నమ్మకం పోయింది. గ్యాసు బంద్ చేస్తడు, నన్ను పిలిచి చూడుమంటడు. తాళమేస్తడు, బిడ్డను పిలిచి లాగి చూడుమంటడు. మనవరాలు పుడితే ఎత్తుకోలే సారూ. మర్చిపోయి యాడనన్న ఇడిచిపెడతనో ఏమో, నాకు ఇయ్యకున్రి అన్నడు. పిల్లకిప్పుడు తొమ్మిదేండ్లు. తాత ఒక్కపారి ఎత్తుకోలే."

ఇక ఆగలేకపోయాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, తెలుసు. అయినా చెప్పాను. ఆయన వైరు దూరంగానే పెట్టాడనీ, గుడ్డ సరిగానే కప్పాడనీ, నా ఫోన్ కోసం నేనే గుడ్డ తీసి వైరు కలిపాననీ, ముట్టావా అని అడిగితే లేదన్నాననీ, మొత్తం చెప్పాను. ఆవిడ కదలకుండా విన్నది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నాకెందుకు చెప్తున్నవ్ బిడ్డా?" అంది. "నేను ఆయన మర్చిపోయిండని ఎప్పుడన్న అన్ననా? ఆయననే అనుకున్నడు."

ఆవిడ లోపలి గదివైపు తిరిగి కూతుర్ని పిలిచింది.

"ఇటు రాయే. మీ నాయిన మర్వలేదంట. గీ సారు చెప్తుండు, ఇను." నా వైపు తిరిగి, "మల్ల చెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను. కూతురు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడి ఏడ్చింది. ఆ తర్వాత ఆయన తమ్ముడొచ్చాడు. "గీ సారు ఏమంటుండో ఇనున్రి" అంది ఆవిడ. చెప్పాను. చాయ్ కొట్టతను వచ్చాడు, ఆయనకూ చెప్పాను. ఆ పూట ఆ గడప తొక్కిన ప్రతి మనిషికీ నాతో చెప్పించింది. ప్రతిసారీ అదే మొదటిసారి అన్నంత సిగ్గుగా ఉంది. ఒక్కరు కూడా నన్ను ఒక్క మాట అనలేదు. వినేసి ఫొటో వైపు చూసేవాళ్ళు, అంతే.

జనం పల్చబడ్డాక దణ్ణం పెట్టి లేచాను.

"యాడికి పోతున్నవ్?" అంది. "ఆయనకు చెప్పవా?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ లేచి, నా మోచేతిని, ఆ బిగుసుకుపోయిన మోచేతినే పట్టుకుని, ఫొటో దగ్గరికి నడిపించింది. గ్లాసులో చాయ్ ఎప్పుడో చల్లారి మీగడ కట్టి ఉంది. నేను ఫొటోకు ఎదురుగా నిలబడి నోరు తెరవబోయాను.

"గటు కాదు బిడ్డా" అంది. "కుడి చెవి దిక్కుకు పోయి చెప్పు. ఎడమ దిక్కు ఆయనకు ఇనవడదు."